ఆ ఇంట్లో పెరిగినవాళ్ళు వచ్చి చూస్తే

(పాత పిల్లల ఆశ్రమాన్ని మళ్ళీ నిలబెట్టడానికి ముందుకొచ్చిన వాలంటీర్ల శిక్షణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీరు పని చేయడానికి వచ్చారు, ఉపన్యాసం వినడానికి కాదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఈ కాసేపు కూర్చోమని అడగడానికి ఒక కారణం ఉంది. పాత పిల్లల ఆశ్రమాన్ని బాగుచేయడం మిగతా పాత కట్టడాల పనితో పోలదు. కోటనో రాజభవనాన్నో బాగుచేస్తున్నప్పుడు అందులో బతికినవాళ్ళెవరూ వచ్చి మనల్ని ప్రశ్నించరు. ఇక్కడ వస్తారు. డెబ్బై ఏళ్ళ మనిషి గేటు దగ్గర నిలబడి, "నా మంచం మూడో కిటికీ పక్కన ఉండేది. ఆ కిటికీ ఏదీ?" అని అడుగుతారు.

కుటుంబంలో పెరిగినవాళ్ళకు చిన్నతనాన్ని గుర్తుచేసేవాళ్ళు నలుగురు ఉంటారు. నువ్వు నడక నేర్చింది ఇక్కడే, పడి నుదురు పగిలింది ఈ గడప మీదే అని అమ్మో మేనత్తో చెబుతారు. ఆశ్రమంలో పెరిగిన మనిషికి అలా చెప్పేవాళ్ళు చాలాసార్లు ఉండరు. గడప ఒక్కటే ఉంటుంది. అందుకే ఈ పనిలో ప్రతి నిర్ణయానికీ నేను ఒకే గీటురాయి పెట్టుకుంటాను: ఆ ఇంట్లో పెరిగినవాళ్ళు తిరిగొచ్చి చూస్తే దాన్ని గుర్తుపట్టాలి. అందంగా ఉందా, కొత్తదానిలా ఉందా అన్నవి ఆ తరవాతి ప్రశ్నలు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే.

మొదట గోడల సంగతి చూద్దాం. గోడలంటే ఇక్కడ పిల్లల ఎత్తు వరకు ఉన్న గోడలు.

ఆస్ట్రేలియాలో సిడ్నీకి దగ్గర పారమాటా అనే చోట ఆడపిల్లల కోసం ప్రభుత్వం నడిపిన ఒక సంస్థ ఉండేది. 1887లో మొదలై 1974లో మూతపడింది. అక్కడికి చేరిన పిల్లల్లో చాలామంది ఏ నేరమూ చేయలేదు. ఇంట్లో ఆలనాపాలనా లేదనో, నైతికంగా ప్రమాదంలో ఉన్నారనో కోర్టులు వాళ్ళను అక్కడికి పంపేవి. లోపల జీవితం చాలా కఠినంగా ఉండేది. ఒంటరి గదుల్లో పెట్టేవారు, కొట్టేవారు, అంతకన్నా దారుణాలూ జరిగాయి. తరవాతి కాలంలో ఆస్ట్రేలియా వేసిన రాయల్ కమిషన్ అనే అధికారిక విచారణ సంఘం ముందు ఆ ఆడపిల్లలు, అప్పటికి ముసలివాళ్ళై, వచ్చి సాక్ష్యం చెప్పారు.

ఆ భవనాల్లో తలుపుల మీద, చెక్క మీద గీతలున్నాయి. పిల్లలు దొరికిన మొనతో గీసిన పేర్లు, పొడి అక్షరాలు. అందులో 'ఐ ఎల్ డబ్ల్యు ఏ' అనే నాలుగు అక్షరాలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఒకరికొకరు ప్రేమ చెప్పుకోవడానికి వాళ్ళు వాడుకున్న గుర్తు అది. మాట్లాడుకోవడం కూడా తప్పైన చోట వాళ్ళు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు అవి. ఇప్పుడు ఆలోచించండి. మంచి మనసున్న వాలంటీర్ల బృందం ఒకటి అక్కడికి వెళ్ళి, "తలుపులు ఎంత పాడైపోయాయో!" అనుకుని చిత్రిక పట్టి, నున్నగా చేసి, వార్నిష్ కొట్టి ఉంటే? ఒక్క మధ్యాహ్నంలో ఆ పిల్లల చేతిరాతంతా రంపపు పొట్టులో కలిసిపోయేది. అలా జరగలేదంటే అక్కడ పెరిగిన ఆడవాళ్ళు సంఘం పెట్టుకుని ఏళ్ళ తరబడి పోరాడారు కాబట్టి. 2017లో ఆ ప్రాంగణానికి ఆస్ట్రేలియా జాతీయ వారసత్వ జాబితాలో చోటు దక్కింది.

కాబట్టి మీకు నేర్పే మొదటి పని చూడటం. గీతల్ని నేరుగా లైటు వేసి చూస్తే కనబడవు. టార్చిని గోడకు ఆనించినంత దగ్గరగా పెట్టి, వెలుగు పక్క నుంచి గోడ మీద పాకేలా చూడండి. అప్పుడు సన్నని గీత కూడా నీడ వేస్తుంది. మోకాళ్ళ మీద కూర్చుని చూడండి, ఎందుకంటే ఆరేళ్ళ పిల్ల చెయ్యి ఎక్కడికి అందుతుందో నిలబడితే తెలియదు. ఎత్తు కొలుచుకున్న గీతలుంటాయి. మంచం తల తగిలి అరిగిన మచ్చలుంటాయి. తువ్వాళ్ళు తగిలించే కొక్కేలు పీకేసిన చోట వరుసగా చిల్లులుంటాయి. ఆ చిల్లుల్ని లెక్కపెడితే ఒక్కో గదిలో ఎంతమంది ఉండేవారో సుమారుగా చెప్పొచ్చు. గోడ నుంచి ఏదైనా తీసే ముందు మూడు ఫోటోలు తీయాలి: దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, కొలతబద్ద పక్కన పెట్టి ఒకటి.

రంగుల పొరలు కూడా అంతే. అగ్గిపెట్టె అంత చోట, ఒక్కో పొరనూ ఒక్కో మెట్టులా విడదీస్తూ, మెల్లగా గీకి చూస్తారు. ఈ గది ఒకప్పుడు ఆకుపచ్చగా, అంతకు ముందు నీలంగా, అడుగున సున్నపు తెలుపుగా ఉండేదని అక్కడ బయటపడుతుంది. "మా గది నీలం రంగు" అని ఎవరైనా చెబితే, వాళ్ళు ఏ సంవత్సరాల్లో ఉన్నారో అడిగి ఆ పొరతో సరిచూసుకోవచ్చు. ఆ మనిషి జ్ఞాపకానికి గోడ సాక్ష్యం చెప్పడం నేను కళ్ళారా చూశాను. అలాంటప్పుడు ఎదుటి మనిషి ముఖంలో కనిపించే మార్పును చెప్పడం నాకు చేతకాదు. ఇన్నేళ్ళూ తన మాట ఎవరూ నమ్మలేదు, గోడ నమ్మింది.

ఇక్కడే ఒక హెచ్చరిక. పాత రంగుల్లో సీసం ఉంటుంది. పొడిగా సాండ్‌పేపర్ పెట్టి రుద్దితే ఆ దుమ్ము ఊపిరిలోకి పోతుంది, బట్టల మీద ఇంటికీ వస్తుంది, ఇంట్లో చంటిపిల్లలుంటే ప్రమాదం వాళ్ళకే ఎక్కువ. పాత రేకుల్లో, పైపుల చుట్టూ చుట్టిన పొరల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్ని పాడుచేసే పీచు. అనుమానం వస్తే చెయ్యి పెట్టకండి, విరగ్గొట్టకండి, ఊడవకండి. పరీక్ష చేయించాకే, అనుమతి ఉన్నవాళ్ళే తీస్తారు. ఈ విషయంలో ఎంత ఉత్సాహం ఉన్నా మినహాయింపు లేదు.

ఇక సున్నం. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

సిమెంటు అందరి చేతికీ అందకముందు కట్టిన గోడలు చాలావరకు సున్నంతో కట్టినవే. సున్నపురాయిని కాల్చి, నీళ్ళు పోసి, ఇసుకతో కలిపి గోడలో పెడితే, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ మళ్ళీ రాయిగా మారుతుంది. దానికి వారాలు, నెలలు పడుతుంది. ఇలాంటి గోడ మెత్తగా ఉంటుంది, తడిని లోపలికి తీసుకుంటుంది, ఎండ రాగానే బయటికి వదిలేస్తుంది. దాని ఆరోగ్యమంతా ఆ రాకపోకల్లోనే ఉంది. ఇప్పుడు మనం వెళ్ళి, గట్టిగా ఉంటుంది కదా అని దాని మీద సిమెంటు పూత పూస్తే గోడకు రెయిన్‌కోటు తొడిగి గుండీలు కుట్టేసినట్టే. నేల నుంచి ఎక్కిన చెమ్మకు బయటికి దారి ఉండదు. అది ఇంకా పైకి పాకుతుంది, ఉప్పును మోసుకొస్తుంది. ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి ఇటుక ముఖాన్ని పొడి పొడిగా రాల్చేస్తుంది. పైన సిమెంటు చెక్కుచెదరకుండా ఉంటుంది, వెనక గోడ తినేసినట్టవుతుంది. పాత కట్టడాలకు వాన చేసిన చెడుపు కన్నా ఇలాంటి మంచి ఉద్దేశపు మరమ్మతులు చేసిన చెడుపే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను.

సున్నం పని వాలంటీర్లకు బాగా నప్పుతుంది. తొందరపడితే కుదరదు, చేతులు ఎక్కువ కావాలి, మేస్త్రీ పక్కన నిలబడి రెండు మూడు రోజులు చూస్తే చెయ్యి అలవాటవుతుంది. సుమారుగా ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక. పూసే ముందు గోడను తడపాలి. పూసాక ఎండకు త్వరగా ఆరిపోకుండా తడి గోనెపట్టాలు కప్పి కాపలా కాయాలి. కంటిలో పడితే కాలుస్తుంది కాబట్టి కళ్ళద్దాలు లేకుండా ఎవరూ సున్నం దగ్గరికి రావద్దు.

ఇవన్నీ కూడా రెండో పనే. పైకప్పు, తూములు, వాననీటి దారి సరిచేయకుండా గోడ ముట్టుకోవడం వృథా. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిసేదాకా లోపల ఏ మరమ్మతూ మొదలుపెట్టం.

ఇంత పాడైపోయిన ఇల్లు మళ్ళీ లేస్తుందా అని మీలో కొందరికి అనుమానం ఉంది. నిన్న లోపలికి వెళ్ళి చూసినప్పుడు మీ ముఖాలు గమనించాను. మీకు జర్మనీలోని హాలే ఊరి ఆశ్రమం గురించి చెప్పాలి.

ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె అనే పాస్టరు హాలే పక్కన ఉన్న ఒక పేద పేటలో పనిచేసేవాడు. 1695లో ఆయన ఇంట్లో పెట్టిన చందా పెట్టెలో ఎవరో 4 టాలర్ల 16 గ్రోషెన్లు (అప్పటి జర్మన్ నాణేలు) వేశారు. ఆ చిన్న మొత్తంతోనే పేదపిల్లల బడి మొదలుపెట్టాడు. 1698లో అనాథాశ్రమ భవనానికి పునాది పడింది. 1727లో ఆయన చనిపోయేనాటికి ఆ ప్రాంగణంలోని బడుల్లో రెండు వేలకు పైగా పిల్లలు చదువుతుండేవారు. బడులు, మందుల దుకాణం, అచ్చుయంత్రాలు, గ్రంథాలయం, దేశదేశాల వింత వస్తువుల గది, అన్నీ కలిసి అది చిన్న ఊరంత అయింది. అందులో చెక్క చట్రాలతో కట్టిన ఆరంతస్తుల పొడవాటి ఇల్లు ఒకటుంది. యూరప్‌లో అలాంటి ఇళ్ళలో అతి పెద్దవాటిలో అదొకటి.

తెలుగువాళ్ళకు ఆ ఆశ్రమంతో ఒక బంధం ఉంది. హాలే నుంచి వచ్చి మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ తిరిగి అక్కడికే వెళ్ళాడు. ఆయన తెలుగు పుస్తకాలు హాలేలో 1746, 1747 ప్రాంతాల్లో అచ్చయ్యాయి. తెలుగులో మొదటి అచ్చు పుస్తకాలుగా ముద్రణ చరిత్ర వీటినే చెబుతుంది. అనాథపిల్లల కోసం పుట్టిన సంస్థ ఉన్న ఊళ్ళో మన అక్షరం మొదటిసారి సీసపు అచ్చులోకి దిగిందన్న సంగతి తెలిసినప్పటి నుంచి ఆ ఇంటి గురించి దొరికిందల్లా చదువుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1946లో, సోవియట్ అధీనంలో ఆ సంస్థను రద్దు చేసి ఆస్తుల్ని విశ్వవిద్యాలయంలో కలిపేశారు. తరవాత నలభై ఏళ్ళకు పైగా మరమ్మతులు సరిగ్గా లేవు. చెక్క చట్రాలు పుచ్చిపోయాయి, పైకప్పులు కారాయి. ఆశ్రమం ముఖద్వారం ముందు నుంచే పెద్ద ఫ్లైఓవర్ కూడా వేశారు. తూర్పు జర్మనీ కథ ముగిసేనాటికి ఆ ప్రాంగణం చాలావరకు శిథిలం.

అప్పుడు ఏం జరిగిందో చూడండి. ప్రభుత్వం డబ్బు రాకముందే, సంస్థ చట్టప్రకారం మళ్ళీ ఏర్పడకముందే, 1990లో మిత్రుల సంఘం ఒకటి పుట్టింది. ఇది కూలిపోకూడదు అని గొంతెత్తారు, చందాలు పోగుచేశారు, పట్టించుకోమని అందరి తలుపులూ తట్టారు. 1992లో సంస్థ మళ్ళీ నిలబడింది. దాన్ని నడపడానికి వచ్చిన పాల్ రాబే అప్పటికే వోల్ఫెన్‌బ్యూటెల్ గ్రంథాలయాన్ని దశాబ్దాల పాటు తీర్చిదిద్ది 65 ఏళ్ళకు పదవీ విరమణ చేసిన మనిషి. ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులో ఆ శిథిలాల మధ్యకు వచ్చి 2000 దాకా ఉన్నాడు. 1995 నాటికి ప్రధాన భవనం అటకమీది వింత వస్తువుల గది మళ్ళీ తెరుచుకుంది. ఇప్పుడు ఆ ప్రాంగణం నిండా బడులు, పిల్లల కేంద్రాలు, గ్రంథాలయం, పరిశోధన. ఇవాళ మనం అనుమానంగా చూస్తున్న ఇల్లు దానికన్నా అధ్వాన్నంగా ఏమీ లేదు.

ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించేది వరస. ముందు మనుషులు వచ్చారు, తరవాత డబ్బు వచ్చింది. నిధుల గురించి ఈ రోజు ఇంతకుమించి మాట్లాడను. లెక్కలు చూసేవాళ్ళు వేరే ఉన్నారు.

కాగితాల సంగతి చెప్పకుండా వదలలేను. మీలో పార పట్టలేనివాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, "మేం ఏం చేస్తాం?" అని వెనక కూర్చున్నవాళ్ళు ఉన్నారు కదా, ఇది మీ కోసం.

లండన్‌లో థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెన్ వీధుల్లో వదిలేసిన పసిపిల్లల్ని చూసి తట్టుకోలేక పదిహేడేళ్ళు తిరిగి తిరిగి 1739లో రాజుగారి అనుమతిపత్రం సాధించాడు. 1741 మార్చిలో ఫౌండ్లింగ్ హాస్పిటల్ మొదటి పిల్లల్ని తీసుకుంది. పేరులో హాస్పిటల్ ఉన్నా అది పిల్లల ఆశ్రమమే. చేర్చుకోగానే బిడ్డకు కొత్త పేరు పెట్టేవారు. మరి తల్లి ఎప్పుడైనా తిరిగొస్తే బిడ్డను ఎలా పోల్చుకోవాలి? అందుకని చేర్చిన కాగితానికి ఒక గుర్తు జతచేసేవారు. సగానికి విరిచిన నాణెం, ఉంగరం, బిడ్డ ఒంటి మీది బట్ట నుంచి కత్తిరించిన చిన్న ముక్క. తల్లి దగ్గర మిగతా సగం ఉండేది. తిరిగొచ్చి బిడ్డను తీసుకెళ్ళగలిగిన తల్లులు చాలా తక్కువ. కానీ ఆ బట్టముక్కలు వేల సంఖ్యలో అలాగే మిగిలాయి. పద్దెనిమిదో శతాబ్దపు మామూలు జనం ఎలాంటి బట్టలు కట్టారో తెలుసుకోవడానికి బ్రిటన్‌లో అంతకన్నా పెద్ద నిధి లేదు. రాజుల బట్టలు మ్యూజియాల్లో ఎన్నైనా దొరుకుతాయి. పేద తల్లి చీటీగుడ్డ ముక్క మాత్రం అక్కడే దొరికింది.

1920ల్లో ఆ సంస్థ లండన్ వదిలి వెళ్ళింది, పాత భవనాన్ని కూల్చేశారు. అయితే పాలకవర్గం కూర్చునే గదిని, అందులోని అలంకారపు పైకప్పుతో సహా, విడదీసి భద్రపరిచి తరవాత పక్కనే కట్టిన భవనంలో మళ్ళీ అమర్చారు. పిల్లలు పడుకున్న గదులు పోయాయి, పెద్దలు మీటింగులు పెట్టుకున్న గది మిగిలింది. నాకు ఇది ఎప్పుడు గుర్తొచ్చినా బాధగా ఉంటుంది. మనం మాత్రం దీన్ని తిరగేసి చేయాలి. ముందు పడకగది, వంటిల్లు, స్నానాల గది. ఆఫీసు గది చివర్లో. లండన్‌లో ఆ భవనం పోయినా స్థలం దక్కింది. చుట్టుపక్కల ఉన్నవాళ్ళు ఉద్యమం చేసి, దాతల సాయంతో దాన్ని పిల్లల ఆటస్థలంగా నిలబెట్టుకున్నారు. 1936లో తెరిచిన ఆ ఆటస్థలం ఈనాటికీ ఉంది. పెద్దవాళ్ళు అందులోకి వెళ్ళాలంటే వెంట పిల్లలు ఉండాల్సిందే.

ఆ సంస్థ రికార్డుల్ని ఈ మధ్య కాలంలో స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు, ఆ పాత చేతిరాతను చదివి ఎక్కించింది వాలంటీర్లే. ఎక్కడెక్కడివాళ్ళో ఇళ్ళల్లో కూర్చుని ఒక్కో పేజీ చదివారు. ఇల్లు కట్టడంలో ఇదీ భాగమే. మన దగ్గర ఉన్న రిజిస్టర్లు తడిసి అతుక్కుపోయాయి. వాటిని బలవంతంగా విడదీయకూడదు, ఎండలో పెట్టకూడదు. గాలి ఆడే నీడలో ఆరబెట్టాలి, లేదా నిపుణులు వచ్చేదాకా ప్లాస్టిక్ కవరులో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచాలి. గడ్డకట్టిన తడి కాగితానికి బూజు పట్టదు. ఇంకో మాట. ఆ రిజిస్టర్లలో బతికున్న మనుషుల పుట్టుక వివరాలున్నాయి. ఫోన్‌తో ఫోటో తీసి ఎవరికీ పంపొద్దు. తన తల్లి పేరు తనకన్నా ముందు వాట్సాప్‌లో నలుగురు చదవడం ఏ మనిషికీ జరగకూడదు.

ఒక్క మనిషి కాగితాలు చదివితే ఏమవుతుందో ఐర్లాండ్‌లోని ట్యూమ్ చెబుతుంది. అక్కడ పెళ్ళికాని తల్లుల్ని, వాళ్ళ బిడ్డల్ని ఉంచిన ఆశ్రమం 1925 నుంచి 1961 దాకా నడిచింది. భవనాన్ని తరవాత కూల్చేసి ఇళ్ళు కట్టారు. స్థానిక చరిత్ర మీద ఆసక్తి ఉన్న కేథరిన్ కార్లెస్ అనే గృహిణి మరణ నమోదులు వెతికింది. 796 మంది పిల్లలు చనిపోయినట్టు కాగితాలున్నాయి, ఖననం చేసినట్టు రికార్డుల్లేవు. 2014లో ఆ విషయం ప్రపంచమంతా తెలిసింది. 2017లో విచారణ కమిషన్ అక్కడ భూమి కింద పసిపిల్లల అవశేషాలు ఉన్నాయని నిర్ధారించింది. 2025లో వాటిని వెలికితీసే తవ్వకం మొదలైంది. ఆమెకు ఎవరూ జీతం ఇవ్వలేదు. ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, ఆవరణలో తవ్వేటప్పుడు అనుకోనిది ఏదైనా కనబడితే పని అక్కడికక్కడే ఆపేయాలి. కదపకూడదు, కప్పకూడదు. వెంటనే నాకు, ఆ పైన పోలీసులకు చెప్పాలి.

పోయినవాటిని ఏం చేయాలన్నది మిగిలింది. పోలండ్ రాజధాని వార్సాలో యానుష్ కోర్చాక్ నడిపిన యూదు అనాథపిల్లల ఇల్లు ఉంది. 1912లో కట్టింది. ఆయన పిల్లల డాక్టరు. ఆ ఇంట్లో పిల్లలకు సొంత కోర్టు ఉండేది, పెద్దవాళ్ళ మీద కూడా ఫిర్యాదు చేయొచ్చు. కోర్చాక్ పైన అటకగదిలో ఉండేవాడు. నాజీలు వాళ్ళను గెట్టోకి, అంటే యూదుల్ని బంధించి ఉంచిన పేటకి, తరిమారు. 1942 ఆగస్టులో పిల్లలతో పాటు ఆయన్నీ ట్రెబ్లింకా మరణశిబిరానికి పంపి చంపేశారు. యుద్ధం తరవాత ఆ ఇంటిని బాగుచేసి మళ్ళీ పిల్లల కోసం వాడారు. అటకను మాత్రం తిరిగి కట్టలేదు. పాత ఫోటోలో పైన కిటికీలున్న చోట ఇప్పుడు ఆకాశం ఉంటుంది. నాకు అదే సరైనదనిపిస్తుంది. ఊహించి కట్టిన గది కన్నా, లేని గది ఎక్కువ నిజం చెబుతుంది. మన దగ్గర కూడా తూర్పు వైపు కూలిన భాగానికి కొలతలు లేవు, ఫోటోలు లేవు. దాన్ని ఉన్నట్టు నటిస్తూ కట్టం. గోడ చివర్లను వాన దిగకుండా మూసి, అలా వదిలేస్తాం. కొత్తగా ఏదైనా వేయాల్సి వస్తే, దగ్గరికొచ్చి చూస్తే కొత్తదని తెలిసేలా వేస్తాం.

బాగుచేశాక ఇక్కడ మళ్ళీ పిల్లల్ని పెడతారా అని చాలామంది అడుగుతున్నారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పెట్టకూడదు. ఐక్యరాజ్యసమితి 2009లో ఆమోదించిన మార్గదర్శకాలు కూడా బిడ్డను కుటుంబం నుంచి వేరుచేయడానికి పేదరికం ఒక్కటే కారణం కాకూడదని చెబుతున్నాయి. ఖాళీ మంచాలు ఉంటే వాటిని నింపాలన్న ఒత్తిడి వస్తుంది. దాతలు పిల్లల్ని చూడాలనుకుంటారు, వాలంటీర్లు నెల రోజులు వచ్చి ప్రేమగా ఉండి వెళ్ళిపోతారు, పిల్లలు ప్రతిసారీ ఒకరిని పోగొట్టుకుంటారు. ఇల్లు నిలబడాలి. చదువుకునే చోటుగా, పగటిపూట పిల్లలు వచ్చి ఆడుకుని సాయంత్రం ఇంటికెళ్ళే చోటుగా, ఇక్కడ పెరిగినవాళ్ళు కలుసుకుని తమ కాగితాలు చూసుకునే చోటుగా నిలబడాలి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ప్రశ్న: ఇక్కడ పెరిగినవాళ్ళలో కొందరు దీన్ని బాగుచేయొద్దు, కూల్చేయండి అంటే?)

అంటారు. అలా అనే హక్కు వాళ్ళకు ఉంది. వాళ్ళ కోపం తప్పని నచ్చజెప్పడానికి మీలో ఎవరూ ప్రయత్నించకండి. కుర్చీ వేయండి, మంచినీళ్ళు ఇవ్వండి, వినండి, ఒప్పుకుంటే రాసుకోండి. కూల్చడం మీద నా ఆలోచన వేరు. ట్యూమ్‌లో భవనం ఎప్పుడో పోయింది, అయినా జరిగింది పోలేదు, వెతకడం ఇంకా కష్టమైంది. కానీ ఇది నా ఆలోచన మాత్రమే. అందుకే కమిటీలో సగం కుర్చీలు ఇక్కడ పెరిగినవాళ్ళకే ఉండాలని, శిక్ష గది విషయంలో వాళ్ళ మాటే చివరిదని ముందే రాసుకున్నాం. తలుపు తీసేసి తెరిచి ఉంచమన్నా, ఉన్నదున్నట్టు వదిలేయమన్నా, గోడ పడగొట్టి వెలుగు రానివ్వమన్నా, అలాగే చేస్తాం. వాళ్ళు చెప్పేదాకా ఆ గదిలోకి ఎవరూ పనిముట్లతో వెళ్ళొద్దు.

(ప్రశ్న: మాకు తాపీ పని రాదు. రేపు వస్తే నిజంగా ఏం చేయాలి?)

రేపు ఎవరూ తాపీ పట్టుకోరు. ఒక జట్టు నిచ్చెనలతో తూముల్లో ఆకులు, మట్టి తీస్తుంది, మేస్త్రీ కింద ఉంటారు. ఒక జట్టు కిటికీ రెక్కల మీద నంబర్లు రాసిన చీటీలు కడుతుంది: గది సంఖ్య, గోడ దిక్కు, ఎడమా కుడా. విడదీశాక ఏది ఎక్కడిదో తెలియకపోతే అది వట్టి కట్టె. ఇంకో జట్టు టార్చిలు, కొలతబద్దలు తీసుకుని చిన్నపిల్లల పడకగదిలోకి వెళ్తుంది, నేలకు దగ్గరగా ఉన్న గోడల నుంచి మొదలుపెడుతుంది. మాస్కులు, కళ్ళద్దాలు గేటు దగ్గర ఇస్తాం, అవి లేకుండా లోపలికి వదలం. ఇక్కడ పెరిగిన ఇద్దరు పెద్దవాళ్ళు పదింటికి వస్తామన్నారు. వాళ్ళు ఏ గదిలోకి వెళ్తే ఆ గదిలో పని ఆపండి. వాళ్ళు చూసి, చెప్పాల్సింది చెప్పి, బయటికి వచ్చాక మళ్ళీ మొదలుపెడదాం.